జే ఒప్పందం (1794-96): యుద్ధాన్ని ఆపిన ఒప్పందం మీద జనం ఎందుకంత మండిపడ్డారు?

పాత_పత్రికలు (చర్చ మొదలుపెట్టినవారు):
అమెరికా తొలినాళ్ళ గురించి ఈ వేదికలో చాలా చర్చలు నడిచాయి కానీ జే ఒప్పందం ఎప్పుడూ పక్క ప్రస్తావనగానే వచ్చి పోయింది. దీనికి ఒక విడి చర్చ కావాలని నాకు ఎప్పటినుంచో ఉంది.

విషయం క్లుప్తంగా: 1794 నవంబర్ 19న లండన్‌లో అమెరికా తరఫున జాన్ జే, బ్రిటన్ తరఫున లార్డ్ గ్రెన్విల్ సంతకాలు చేశారు. జే అప్పుడు సుప్రీంకోర్టు ప్రధాన న్యాయమూర్తి. ఆ పదవిలో ఉండగానే వాషింగ్టన్ ఆయన్ని ప్రత్యేక రాయబారిగా పంపాడు. 1795 జులై మొదట్లో ఒప్పందంలో ఏముందో జనానికి తెలిసింది. ఆ నెలంతా బోస్టన్ నుంచి చార్లెస్టన్ దాకా సభలు, ఊరేగింపులు, దిష్టిబొమ్మల దహనాలే. అప్పటిదాకా వాషింగ్టన్‌ని పల్లెత్తు మాట అనడానికి చాలామందికి నోరు రాలేదు. ఆ వేసవిలో ఆయన్నీ వదల్లేదు.

జనం యుద్ధం కోరుకోలేదు. ఒప్పందం యుద్ధాన్ని ఆపింది. మరి ఇంత ఆగ్రహం ఎందుకు? నా మటుకు నాకు, ఒప్పందంలో ఉన్న షరతులు ఎంత కారణమో, దాన్ని జనానికి తెలియకుండా దాచడమూ అంత కారణం. మీరేమంటారు?

గ్రూప్స్_ప్రిపరేషన్:
అన్నా, ఒక చిన్న సందేహం. 1783లో పారిస్ ఒప్పందంతో బ్రిటన్‌తో లెక్కలన్నీ తేలిపోయాయని చదివాం కదా. పదకొండేళ్ళకే మళ్ళీ ఇంకో ఒప్పందం ఎందుకు అవసరమైంది?

లెక్చరర్_రిటైర్డ్:
తేలలేదు బాబూ. 1783 ఒప్పందాన్ని రెండు పక్షాలూ ఉల్లంఘించాయి. డెట్రాయిట్, నయాగరా, ఆస్వీగో, మాకినాక్ లాంటి కోటలు అమెరికా గడ్డమీద ఉన్నాయి. వాటిని ఖాళీ చేస్తామని బ్రిటన్ మాటిచ్చి, చేయలేదు. అడిగితే, యుద్ధానికి ముందు మా వర్తకుల దగ్గర మీవాళ్ళు తీసుకున్న అప్పులు ముందు కట్టండి అంది. ఆ అప్పుల్లో పెద్ద వాటా వర్జీనియా పొగాకు భూస్వాములది. అక్కడి కోర్టులు వసూలు కానివ్వలేదు. యుద్ధం ముగిసి వెళ్ళిపోతూ బ్రిటిష్ సైన్యం తమతో తీసుకెళ్ళిన బానిసలకు పరిహారం కావాలని దక్షిణాది యజమానులు పట్టుబట్టారు.

ఇవన్నీ అలా నానుతుండగా 1793లో బ్రిటన్‌కీ ఫ్రాన్స్‌కీ యుద్ధం మొదలైంది. వాషింగ్టన్ తటస్థత ప్రకటించాడు. అయినా ఆ ఏడాది నవంబర్‌లో బ్రిటన్ రహస్యంగా ఉత్తర్వులిచ్చి, వెస్టిండీస్‌లో ఫ్రెంచి దీవులతో వ్యాపారం చేస్తున్న అమెరికా ఓడల్ని పట్టుకుంది. 1794 వసంతానికల్లా 250కి పైగా ఓడలు పట్టుబడ్డాయి. కాంగ్రెస్ ఓడరేవులు మూసేసింది, యుద్ధం వస్తుందనే అందరూ అనుకున్నారు. అలాంటి సమయంలో జే లండన్ వెళ్ళాడు.

సముద్రయానం:
నేను మర్చంట్ నేవీలో పనిచేశాను కాబట్టి నా కళ్ళు ముందు ఓడల షరతుల మీదికే పోతాయి.

ఆర్టికల్ 12 చూడండి. అమెరికా వర్తకులకు ప్రాణాధారం వెస్టిండీస్ వ్యాపారం. స్వాతంత్ర్యం తర్వాత బ్రిటన్ ఆ దీవుల తలుపులు మూసింది. జే వాటిని తెరిపించాడు, నిజమే. కానీ 70 టన్నులు మించని ఓడలకే! అది సముద్రం దాటే ఓడ కాదు, తీరం వెంబడి తిరిగే చిన్న పడవ. పైగా మొలాసిస్, పంచదార, కాఫీ, కోకో, పత్తి ఈ అయిదూ అమెరికా ఓడల్లో అమెరికాకు తప్ప ప్రపంచంలో మరెక్కడికీ తీసుకెళ్ళకూడదు. ఎలీ విట్నీ పత్తి జిన్ను యంత్రానికి పేటెంటు తీసుకున్నది 1794 మార్చిలోనే. దక్షిణాదిలో పత్తి పైకి లేవబోతున్న ఏడాదిలోనే ఈ షరతు రాసుకొచ్చారు.

దీనికన్నా నన్ను బాధపెట్టేది ఒప్పందంలో లేని విషయం. బ్రిటిష్ నౌకాదళం నడిసముద్రంలో అమెరికా ఓడలెక్కి, నువ్వు బ్రిటిష్‌వాడివి అని నావికుల్ని ఈడ్చుకుపోయేది. ఆ నావికుడు తాను అమెరికావాడినని రుజువు చేసుకోవాలి. నడిసముద్రంలో ఏం కాగితం చూపిస్తాడు? ఆ మనుషుల గురించి ఒప్పందంలో ఒక్క ముక్క లేదు. ఓడలకు పరిహారం లెక్కగట్టడానికి కమిషన్ వేశారు. ఓడలో పనిచేసే మనిషిని మాత్రం మర్చిపోయారు. రేవు పట్టణాల్లో కోపం ఎక్కువగా ఎందుకు వచ్చిందంటే అక్కడి ఇళ్ళలో మగవాళ్ళు అలా మాయమైపోయారు కాబట్టి.

వర్తక_చరిత్ర:
సముద్రయానం గారూ, ఆ బాధ న్యాయమైనదే. కానీ జే చేతిలో ఏముందో కూడా చూడాలి కదా. 1794 మార్చిలో ఆరు యుద్ధనౌకలు కట్టడానికి కాంగ్రెస్ చట్టం చేసింది, జే బయల్దేరేనాటికి వాటిలో ఒక్కటి కూడా నీళ్ళలోకి దిగలేదు. మొదటివి దిగింది 1797లో. ఫెడరల్ ప్రభుత్వ ఆదాయంలో సింహభాగం దిగుమతి సుంకాలు, ఆ దిగుమతుల్లో ఎక్కువ భాగం బ్రిటన్ సరుకు. యుద్ధం వస్తే ఖజానా ఎండిపోతుంది.

అంత బలహీన స్థితిలో కూడా జే ఏం తెచ్చాడు? 1796 జూన్ 1 కల్లా కోటలన్నీ ఖాళీ. పట్టుకున్న ఓడలకు పరిహారం. సరిహద్దు తగాదాలకు ఉమ్మడి కమిషన్లు. ఈ ఓడల పరిహారం కిందే తర్వాతి ఏళ్ళలో కోటి డాలర్లకు పైగా అమెరికా వర్తకులకు చేరింది. అప్పుల కింద అమెరికా కట్టింది 6 లక్షల పౌండ్లు, 1802లో. పదేళ్ళు యుద్ధం లేకుండా దేశం ఊపిరి పీల్చుకుంది. దిష్టిబొమ్మ తగలబెట్టడం తేలిక, సముద్రం మీద బ్రిటన్‌ని ఎదిరించడం తేలిక కాదు.

పాత_పత్రికలు:
వర్తక_చరిత్ర గారూ, చేతిలో ఏమీ లేదన్న మాటకే నా జవాబు. ఒక్క పేకముక్క ఉండేది. స్వీడన్, డెన్మార్క్ కలిసి, తమ ఓడల్ని ఆయుధాలతో కాపాడుకోవడానికి, సాయుధ తటస్థ కూటమి కట్టాయి. అమెరికా అందులో చేరుతుందేమోనని గ్రెన్విల్‌కి బెంగ. ఆర్థికమంత్రి హామిల్టన్ బ్రిటిష్ రాయబారి హామండ్‌తో, మేం అందులో చేరం అని చెప్పేశాడు. ఆ కబురు లండన్ చేరింది. అక్కడ జే ఇంకా బేరమాడుతూనే ఉన్నాడు! ఇది అప్పటి జనానికి తెలియదు. తెలిస్తే 1795 వేసవిలో హామిల్టన్ మీద పడ్డ రాళ్ళు ఇంకా ముందే పడేవి.

దాపరికం సంగతి చెప్తాను. ఒప్పందం ప్రతి అప్పటి రాజధాని ఫిలడెల్ఫియా చేరింది 1795 మార్చి 7న. వాషింగ్టన్ దాన్ని తన దగ్గరే ఉంచుకున్నాడు. జూన్ 8న సెనేట్ ప్రత్యేక సమావేశం తలుపులు మూసుకుని జరిగింది. జూన్ 24న 20-10తో ఆమోదం. మూడింట రెండొంతులు కావాలి, సరిగ్గా అంతే వచ్చాయి. ఒక్క ఓటు అటు పోయినా ఒప్పందం చచ్చేది. అదీ ఆర్టికల్ 12 పక్కన పెడితేనే. దేశం మొత్తాన్ని కట్టిపడేసే కాగితం మూడున్నర నెలలు దేశంలోనే ఉంది, దేశ ప్రజలు మాత్రం చూడలేదు.

అప్పుడు వర్జీనియా సెనేటర్ స్టీవెన్స్ థామ్సన్ మేసన్ తన ప్రతిని బయటపెట్టాడు. అది అరోరా పత్రిక నడిపే బెంజమిన్ ఫ్రాంక్లిన్ బాష్ చేతికి చేరింది. ఫ్రాంక్లిన్ మనవడు ఈయన. జూన్ 29న సారాంశం వేశాడు, జులై 1 కల్లా పూర్తి పాఠాన్ని చిన్న పుస్తకంగా అచ్చువేశాడు. అంతటితో ఆగకుండా కట్టలు కట్టి తనే న్యూయార్క్, బోస్టన్ బయల్దేరాడు. పత్రికల చరిత్ర మీద ఇష్టమున్నవాడిగా ఆ ప్రయాణమంటే నాకు ఎనలేని గౌరవం.

డెలావేర్_తీరం:
నేను ఉండేది ఫిలడెల్ఫియా దగ్గరే. ఇక్కడ జరిగిన రెండు సంఘటనలు రాస్తాను.

మొదటిది జులై 4, స్వాతంత్ర్య దినం రాత్రి. కెన్సింగ్టన్ అనేది అప్పట్లో నది ఒడ్డున ఓడలు కట్టే పేట. అక్కడి వడ్రంగులు, కార్మికులు జే బొమ్మ గీసి, వెనక దీపాలు పెట్టి మోసుకెళ్ళారు. బొమ్మలో జే కుడిచేతిలో త్రాసు. ఒక తట్టలో స్వేచ్ఛ, స్వాతంత్ర్యం తేలిపోయి పైకి లేచాయి, రెండో తట్టలో బ్రిటిష్ బంగారం బరువుకి దిగిపోయింది. నోట్లోంచి వస్తున్నట్టు రాసిన మాటల సారం: నా ధర ఇస్తే నా దేశాన్ని అమ్మేస్తాను. ఊరంతా తిప్పి తిరిగి పేటకి తెచ్చి తగలబెట్టారు. చెదరగొట్టడానికి వచ్చిన గుర్రపు దళాన్ని రాళ్ళతో తరిమారు.

రెండోది జులై 25. ఇప్పుడు ఇండిపెండెన్స్ హాల్ అంటున్న భవనం వెనక మైదానంలో పెద్ద సభ. వేదిక మీద బ్లెయిర్ మెక్‌క్లెనాహన్ అనే వర్తకుడు ఒప్పందం ప్రతిని జనంలోకి విసిరి, దీన్ని నరకానికి తన్నండి అన్నాడు. దాన్ని కర్రకి గుచ్చి ఊరేగించి, బ్రిటిష్ రాయబారి హామండ్ ఇంటి ముందు కాల్చారు, కిటికీ అద్దాలు పగలగొట్టారు.

ఆ మైదానం ఇప్పుడు చక్కటి పచ్చిక. పిల్లల్ని తీసుకుని చాలాసార్లు వెళ్ళాం. స్వాతంత్ర్య ప్రకటన గురించి గైడ్లు కథలుకథలుగా చెప్తారు, ఈ సభ గురించి మాత్రం ఎవరూ ఎత్తగా నేను వినలేదు.

గ్రూప్స్_ప్రిపరేషన్:
న్యూయార్క్‌లో హామిల్టన్ మీద రాళ్ళు పడ్డాయంటారు, నిజమేనా?

పాత_పత్రికలు:
నిజమే తమ్ముడూ. జులై 18 మధ్యాహ్నం, ఫెడరల్ హాల్ ముందు సభ. హామిల్టన్ మెట్లెక్కి ఒప్పందాన్ని సమర్థిస్తూ మాట్లాడబోయాడు. జనం ఈలలు, కేకలతో మాట వినపడనివ్వలేదు. రాళ్ళు వచ్చాయి, ఒకటి తలకి తగిలిందని అప్పటివాళ్ళు రాశారు. జనం అక్కణ్ణుంచి బౌలింగ్ గ్రీన్‌కి వెళ్ళి ఒప్పందం ప్రతిని కాల్చారు. జే అప్పటికి ఆ రాష్ట్రానికే గవర్నరు. దేశంలో లేకుండానే ఎన్నికై, ప్రధాన న్యాయమూర్తి పదవి వదిలేశాడు. ఒప్పందం వివరాలు ఎన్నికలకు ముందే బయటికొచ్చి ఉంటే ఆ పదవి దక్కేది కాదు.

హామిల్టన్ మాత్రం నాలుగు రోజుల్లో కలం పట్టాడు. కామిల్లస్ అనే మారుపేరుతో మొత్తం 38 వ్యాసాలు. వాటిలో 28 తనవి, మిగతావి రూఫస్ కింగ్‌వి. ఒప్పందాన్ని వ్యతిరేకించే పక్షానికి నాయకుడైన జెఫర్సన్, తన సహచరుడు మాడిసన్‌కి రాసిన ఉత్తరంలో హామిల్టన్‌ని ఒంటరిగానే ఒక సైన్యం అన్నాడు, ఆయనకి మీరే జవాబివ్వాలి అని ప్రాధేయపడ్డాడు. మాడిసన్ ఆ పనికి పూనుకోలేదు. వీధిలో ఓడినవాడు అచ్చులో గెలిచాడు. నాకు ఇష్టం లేని పక్షం అయినా ఈ మాట ఒప్పుకోవాలి.

లెక్చరర్_రిటైర్డ్:
ఈ ఒప్పందం ధర్మమా అని పదవులు పోగొట్టుకున్న ఇద్దరి గురించి కూడా చెప్పాలి. ఒకరు వ్యతిరేకించి, ఇంకొకరు తటపటాయించి.

జాన్ రట్లెడ్జ్: జే ఖాళీ చేసిన ప్రధాన న్యాయమూర్తి పదవికి వాషింగ్టన్ ఎంచుకున్న మనిషి. జులై 16న చార్లెస్టన్‌లో సెయింట్ మైకేల్ చర్చిలో జరిగిన సభలో ఒప్పందాన్ని చీల్చి చెండాడాడు. దీని మీద సంతకం పెట్టేకన్నా అధ్యక్షుడు చనిపోవడమే మేలు అన్నంత దూరం వెళ్ళాడని పత్రికలు రాశాయి. డిసెంబర్ 15న సెనేట్ 14-10తో ఆయన నియామకాన్ని తిరస్కరించింది.

ఎడ్మండ్ రాండాల్ఫ్: విదేశాంగ మంత్రి. ఆ వేసవిలో ఫ్రాన్స్‌కి వెళ్ళే అమెరికా ధాన్యపు ఓడల్ని బ్రిటన్ మళ్ళీ పట్టుకోవడం మొదలుపెట్టింది. పుండు మీద కారం. ఆ ఉత్తర్వు ఎత్తేసేదాకా సంతకం వద్దని రాండాల్ఫ్ సలహా ఇచ్చాడు, వాషింగ్టన్ కూడా దాదాపు ఒప్పుకున్నాడు. ఇంతలో ఫ్రెంచి రాయబారి ఫోషే పాత నివేదిక ఒకటి బ్రిటిష్‌వాళ్ళు సముద్రంలో పట్టుకున్న ఓడలో దొరికింది. రాండాల్ఫ్ డబ్బు అడిగాడని అర్థం వచ్చేలా అందులో వాక్యాలున్నాయి. హామండ్ దాన్ని మంత్రివర్గంలో రాండాల్ఫ్ ప్రత్యర్థుల చేతిలో పెట్టాడు. వాషింగ్టన్ ఆగస్టు నడిమికి ఒప్పందం మీద సంతకం చేశాడు, ఆగస్టు 19న మిగతా మంత్రుల ఎదుట ఆ కాగితాన్ని రాండాల్ఫ్ చేతికిచ్చి వివరణ అడిగాడు. రాండాల్ఫ్ ఆ రోజే రాజీనామా చేశాడు. లంచం తిన్నాడనడానికి గట్టి రుజువేదీ రాలేదు. ఆ మనిషికి అన్యాయం జరిగిందనే నా నమ్మకం.

చెప్పని_కథలు:
ఇంతసేపూ వర్తకులు, భూస్వాములు, సెనేటర్ల గురించే మాట్లాడుకుంటున్నాం. ఈ కోపంలో అందరిదీ ఒకే న్యాయం కాదు.

దక్షిణాది వాళ్ళు జే మీద మండిపడ్డ పెద్ద కారణం బానిసలకు పరిహారం తేలేదని. 1783లో న్యూయార్క్ నుంచి బ్రిటిష్ ఓడల్లో వెళ్ళిపోయిన నల్లజాతివారు సుమారు 3,000 మంది పేర్లు ఒక పుస్తకంలో నమోదయ్యాయి. బ్రిటిష్ సైన్యం పక్కకి వస్తే స్వేచ్ఛ ఇస్తామన్న హామీని నమ్మి వచ్చినవాళ్ళు. వాళ్ళని తిరిగి అప్పగించడం తప్పు అని జే 1786లోనే తన నివేదికలో రాశాడు. ఆయనా బానిసలున్న యజమానే, అయినా న్యూయార్క్ బానిస విమోచన సంఘానికి తొలి అధ్యక్షుడు కూడా. లండన్‌లో ఈ పరిహారం గురించి గట్టిగా పట్టుబట్టలేదు. దాన్ని దేశద్రోహం అన్నవాళ్ళ స్వేచ్ఛ నినాదాల్ని నేను యథాతథంగా తీసుకోలేను.

రెండోది, ఆ కోటల చుట్టూ ఉన్న ఆదిమజాతులు. బ్రిటన్ అండ ఉందని నమ్మి పోరాడారు. 1794 ఆగస్టు 20న ఫాలెన్ టింబర్స్‌లో ఓడి వెనక్కి పరుగెత్తితే, పక్కనే ఉన్న బ్రిటిష్ కోట తలుపులు తెరవలేదు. మూడు నెలలకి లండన్‌లో వాళ్ళని అడగకుండానే కోటల అప్పగింత రాసుకున్నారు. తర్వాతి ఆగస్టులో గ్రీన్‌విల్ ఒప్పందంతో ఒహాయో నేల చాలావరకు పోయింది. సరిహద్దు దాటి స్వేచ్ఛగా తిరిగే హక్కు మాత్రం ఆర్టికల్ 3లో ఉంది. కెనడాలో పుట్టిన ఆదిమజాతివారు అమెరికాలో ఉండి పనిచేసుకునే హక్కుకి ఇవాళ్టికీ దాన్నే మూలంగా చూపిస్తారు.

వర్తక_చరిత్ర:
ఆర్టికల్ 3 సంగతి నాకు కొత్త. ధన్యవాదాలండి.

విజయనగరం_వాసి:
మన వైపు నుంచి ఒక మాట. ఆర్టికల్ 13 ప్రకారం ఈస్టిండీస్‌లోని బ్రిటిష్ రేవులన్నిటిలోకీ అమెరికా ఓడల్ని రానివ్వాలి. ఉత్తర సర్కారులు అప్పటికే కంపెనీ చేతిలో ఉన్నాయి కాబట్టి మద్రాసు, కలకత్తాలతో పాటు మచిలీపట్నం, విశాఖపట్నం కూడా ఆ లెక్కలోకే వస్తాయి. షరతులు: ఇక్కడ ఎక్కించిన సరుకు నేరుగా అమెరికాలోనే దించాలి, ఒక రేవు నుంచి ఇంకో రేవుకి తీరవ్యాపారం చేయకూడదు, బ్రిటన్ యుద్ధంలో ఉన్నప్పుడు అనుమతి లేకుండా బియ్యం ఎత్తకూడదు.

జే లండన్ చేరింది 1794 జూన్‌లో. జులై 10న మా పద్మనాభంలో కంపెనీ సైన్యంతో పోరాడి చిన విజయరామరాజు నేలకొరిగారు. పేష్కష్ (కంపెనీకి కట్టాల్సిన కప్పం) బకాయిల పేరుతో వచ్చిన తగాదా అది. మా రేవుల్లోకి ఎవరి ఓడ రావాలో లండన్‌లో ఒక గదిలో రాసుకుంటున్న రోజులవి. అక్కడ అమెరికా వడ్రంగి తన పేరు మీద జరిగిన ఒప్పందాన్ని చూపించమని వీధికెక్కగలిగాడు. మా వాళ్ళకి ఆ ఒప్పందం ఒకటి ఉందని కూడా తెలిసి ఉండదు.

సముద్రయానం:
చాలా మంచి పోస్టు అండి. ఇందులో ఇంకో సంగతి ఉంది. ఒప్పందం మొత్తంలో అమెరికా వర్తకులు పెద్దగా తప్పుపట్టని భాగం ఈ ఆర్టికల్ 13. హామిల్టన్ కూడా వ్యాసాల్లో దీన్ని గట్టిగా చూపించాడు. న్యూ ఇంగ్లాండ్ ఓడలు అప్పటికే కంపెనీ దయ మీద కలకత్తా వస్తూ పోతూ ఉన్నాయి, ఒప్పందంతో అది రాతపూర్వక హక్కు అయింది.

లా_స్టూడెంట్:
1796లో ప్రతినిధుల సభలో జరిగిన పోరాటం ఎవరూ ఎత్తలేదు. రాజ్యాంగపరంగా నాకు అదే ముఖ్యం.

ఒప్పందాలు సెనేట్ వ్యవహారం. కానీ కమిషన్లకు డబ్బు కావాలి, డబ్బు మంజూరు చేసేది ప్రతినిధుల సభ. అక్కడ మాడిసన్ పక్షానిది పైచేయి. మార్చి 24న 62-37తో తీర్మానం చేసి, జేకి ఇచ్చిన ఆదేశాలు, ఉత్తరాలు పంపమని అధ్యక్షుణ్ణి అడిగారు. మార్చి 30న వాషింగ్టన్ కుదరదన్నాడు. రాజ్యాంగ సభలో నేనూ ఉన్నాను, ఒప్పందాల్లో మీకు పాత్ర ఇవ్వాలన్న ప్రతిపాదనను అక్కడే తోసిపుచ్చారు అని గుర్తుచేశాడు. అధ్యక్షుడు కాంగ్రెస్‌కి కాగితాలు ఇవ్వనక్కర్లేదనే వాదన వచ్చినప్పుడల్లా అమెరికాలో ఈ జవాబుని ముందుకు తెస్తారు.

నా దృష్టిలో వాషింగ్టన్ న్యాయశాస్త్రం సరైనదే. కానీ డబ్బిచ్చేవాళ్ళకి కాగితం చూపించను అనడం ప్రజాస్వామ్యానికి మంచి అలవాటు కాదు.

డెలావేర్_తీరం:
ఆ చర్చ జరిగిన కాంగ్రెస్ హాల్ ఇండిపెండెన్స్ హాల్ పక్కనే ఉంది. కింద ప్రతినిధుల సభ, పైన సెనేట్. కింది గది మనం ఊహించుకున్నంత పెద్దది కాదు. 1796 ఏప్రిల్ 28న ఒప్పందాన్ని సమర్థించే ప్రతినిధి ఫిషర్ ఏమ్స్ మాట్లాడటానికి అక్కడే నిలబడ్డాడు. జబ్బుతో చిక్కి శల్యమై ఉన్నాడు. కోటలు రాకపోతే సరిహద్దులో నిద్రపోతున్న కుటుంబాల గతి ఏమిటని అడిగాడు. ఈ ఒప్పందం విరిగిపోతే ఇంత బలహీనమైన నా ప్రాణం కూడా ఈ దేశ రాజ్యాంగం కన్నా ఎక్కువ కాలం బతకొచ్చు అన్నాడు. వింటున్నవాళ్ళు కంటతడి పెట్టారని ఉపాధ్యక్షుడు జాన్ ఆడమ్స్ భార్యకి రాశాడు.

మర్నాడు సభ అంతా కమిటీగా కూర్చున్నప్పుడు ఓట్లు 49-49. అధ్యక్ష స్థానంలో ఉన్న ఫ్రెడరిక్ ములెన్‌బర్గ్ నిధులకు అనుకూలంగా ఓటేశాడు. ఏప్రిల్ 30న తుది ఓటు 51-48. ఆ ఓటు వేసినందుకు సొంత బావమరిదే ఆయన్ని కత్తితో పొడిచాడు. బతికి బయటపడ్డాడు కానీ అదే ఆయన చివరి కాంగ్రెస్.

గ్రూప్స్_ప్రిపరేషన్:
అంటే చివరికి ఒప్పందమే నెగ్గింది. మరి ఆ జనాగ్రహం వృథా అయినట్టేనా?

పాత_పత్రికలు:
వృథా కాలేదు. ఊరూరా జరిగిన సభల్లోంచి, సంతకాల పత్రాల్లోంచి జెఫర్సన్ పక్షం దేశవ్యాప్త పార్టీగా లేచి నిలబడింది. 1796లో ఆడమ్స్ గెలిచింది 71-68తో, మూడు ఓట్ల తేడా. 1800లో జెఫర్సన్ గెలిచాడు. మూల్యం కూడా ఉంది. ఒప్పందాన్ని ద్రోహంగా తీసుకున్న ఫ్రాన్స్ అమెరికా ఓడల మీద పడింది, 1798 నుంచి 1800 దాకా సముద్రం మీద ప్రకటించని యుద్ధం నడిచింది. వర్తక_చరిత్ర గారు చెప్పిన పదేళ్ళ ప్రశాంతతలో ఇదీ కలపాలి.

వర్తక_చరిత్ర:
కలుపుతాను. అయినా బ్రిటన్‌తో యుద్ధం 1795లో వచ్చి ఉంటే అంతకు పదింతలు పోయేదనే అంటాను.

పాత_పత్రికలు:
ఆ మాటకి నా దగ్గర గట్టి జవాబు లేదు. కానీ సముద్రయానం గారు మొదట్లో అడిగిన నావికుల సంగతికి ఉంది. 1806 డిసెంబర్‌లో మన్రో, పింక్నీ లండన్‌లో బ్రిటన్‌తో ఇంకో ఒప్పందం కుదుర్చుకొచ్చారు. వ్యాపార షరతులు కొన్ని జే తెచ్చినవాటికన్నా మెరుగే. నావికుల్ని ఎత్తుకుపోవడం ఆపుతామన్న మాట మాత్రం అందులోనూ లేదు. అధ్యక్షుడిగా ఉన్న జెఫర్సన్ దాన్ని సెనేట్‌కి పంపనే లేదు.